వానలు పడితే చాలు, గుర్రం గోడకు రాసుకుంటోంది

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది చంద్రగిరి దగ్గర పల్లె. మా నాయన కాలం నుంచి గుర్రాలు ఉన్నాయి. పెళ్లి ఊరేగింపులకు, హాఫ్ శారీ ఫంక్షన్లకు పంపిస్తుంటాం. ఇప్పుడు రెండున్నాయి. ఒకటి మగది, ఒకటి తెల్ల ఆడ గుర్రం. ఆడదానికి ఐదేళ్లు. పోయినేడు వానలు పడ్డాక జూలు, తోక మొదలు గోడకేసి రుద్దుకోవడం మొదలుపెట్టింది. సంక్రాంతి దాటాక తగ్గింది, ఎండాకాలమంతా బాగానే ఉంది. ఈ ఏడు ఆగస్టు నుంచి మళ్లీ అదే గోల. జూలు సగం పోయింది, మెడ మీద పుండ్లు పడ్డాయి. డాక్టరును పిలిపిస్తే ఇంజెక్షన్ వేశారు. నాలుగు రోజులు హాయిగా ఉండి మళ్లీ మొదలైంది. ఉలవలతో వేడి చేసిందని ఒకరు, కాలిన ఇంజనాయిలు పూయమని ఇంకొకరు అంటున్నారు. పక్కింటాయన ఆవులకు వాడే పిడుదుల మందు ఇచ్చాడు, ఇంకా కొట్టలేదు. మధ్యలో ఒక రాత్రి ఒళ్లంతా దద్దుర్లు లేచాయి, మర్నాటికి తగ్గిపోయాయి. ఇది అంటురోగమా? రెండో గుర్రానికి, ఇంట్లో పిల్లలకు వస్తుందా? కార్తీకంలో పెళ్లిళ్లు ఒప్పుకున్నాం, టెన్షన్‌గా ఉంది.

జవాబు: ముందు ఆ పిడుదుల మందు సీసా సంగతి తేల్చేద్దాం. అది వాడకపోవడం మీ అదృష్టం, గుర్రం అదృష్టం కూడా. సీసా మీద అమిట్రాజ్ అనే పేరుందేమో చూడండి. ఆవులు, గేదెల మీది పిడుదులకు మన దగ్గర బాగా వాడే మందుల్లో అదొకటి, నీళ్లలో కలిపితే పాలలా తెల్లబడుతుంది. ఆవుకు పనికొచ్చిన ఆ మందే గుర్రానికి ప్రాణం మీదికి తెస్తుంది. తాగించక్కర్లేదు, ఒంటి మీద కొట్టినా చాలు. గుర్రం మత్తుగా తూలుతుంది, పేగుల కదలిక మందగిస్తుంది, లద్దె గట్టిపడి లోపలే అడ్డుపడుతుంది, కడుపునొప్పితో పొర్లుతుంది. గుర్రానికి వాంతి చేసుకునే వీలు లేదు కాబట్టి లోపల అడ్డుపడిందంటే దానికది సర్దుకోవడం కష్టం. కలిపి నిలవ ఉంచిన మందు మరీ ప్రమాదం. సీసా తిరిగి ఇచ్చేయండి. గుర్రాల కొట్టంలో అటక మీద కూడా పెట్టకండి, మీరు ఊళ్లో లేనప్పుడు పనిమనిషి మంచి ఉద్దేశంతోనే కొట్టేస్తాడు.

ఇక అసలు జబ్బు. మీ ఉత్తరంలోనే దాని ఆనవాళ్లన్నీ ఉన్నాయి. వానలతో రావడం, ఎండలతో పోవడం. జూలు, తోక మొదలు ఈ రెండు చోట్లే ఎక్కువగా ఉండటం. రెండు గుర్రాలు ఒకే కొట్టంలో ఒకే దాణా తింటున్నా ఒక్కదానికే పట్టడం. సాధారణంగా రెండేళ్ల నుంచి నాలుగేళ్ల వయసులో మొదలై, ఏటేటా కాస్త ముదురుతూ పోవడం. వీటన్నిటినీ కలిపి చూస్తే, ఒంటి మీద వాలి కుట్టే నుసుముల కాటుకు పుట్టిన అలర్జీ అని నా అంచనా. చూడకుండా ఉత్తరం చదివి చెప్పే మాటకు ఎంత విలువ ఉంటుందో అంతే విలువ ఇవ్వండి. కానీ ఈ అంచనాను మీరే కొంతవరకు సరిచూసుకోవచ్చు.

పొద్దు వాలే వేళ గాలి ఆగినప్పుడు ఆడ గుర్రం పక్కన మోకాళ్ల మీద కూర్చుని సెల్‌ఫోన్ లైటు పొట్ట కిందికి వేయండి. ముందు కాళ్ల మధ్య నుంచి బొడ్డు దాకా వెంట్రుకలు పలచగా ఉండే నడిగీత ఉంటుంది. దాని వెంబడి ఆవగింజ కన్నా చిన్నవి, బూడిద రంగు చుక్కల్లాంటివి అంటుకుని కనబడితే అవే. అరచేత్తో ఒక్కసారి తుడిస్తే చేతికి సన్నటి రక్తపు మరక అవుతుంది. తర్వాత జూలు కుదుళ్లను రెండు చేతులా విడదీసి చూడండి. ఒకటి నుంచి మూడు మిల్లీమీటర్ల పురుగు, దోమలా పాట పాడదు, వాలినట్టు కూడా తెలియదు. అందుకే చాలామంది ‘మా కొట్టంలో దోమలే లేవండీ’ అంటారు. వాళ్లు అబద్ధం చెప్పడం లేదు, కనబడలేదంతే. మన గొర్రెల కాపర్లకు మాత్రం వీటితో పాత పగే. వానాకాలంలో మందల్ని దెబ్బతీసే నీలి నాలుక వ్యాధిని మోసుకొచ్చేవి ఈ క్యూలికాయిడిస్ జాతి పురుగులే.

ఆడ పురుగు రక్తం పీల్చేటప్పుడు తన ఉమ్మి చర్మంలోకి దింపుతుంది. మీ మగ గుర్రం ఒంట్లోని రక్షణ వ్యవస్థ ఆ ఉమ్మిని పట్టించుకోదు. ఆడ గుర్రం ఒళ్లు మాత్రం దాన్ని పెద్ద శత్రువుగా లెక్కగట్టి యుద్ధానికి దిగుతుంది. ఆ యుద్ధమే దురద. ఒకసారి ఇలా తయారైన ఒళ్లు మళ్లీ మామూలుగా మారడం అరుదు. ఐస్‌లాండ్ దేశంలో చాలాకాలం ఈ పురుగులు లేవు. అక్కడ పుట్టి పెరిగిన గుర్రాలను యూరప్‌లోని ఇతర దేశాలకు తీసుకెళ్తే వాటిలో చాలావాటికి ఈ దురద పట్టుకుంటుంది. అదే జాతి గుర్రం ఆ దేశాల్లోనే పుట్టి చిన్నప్పటి నుంచి కాట్లు తింటూ పెరిగితే అంతగా రాదు. మీ గుర్రాన్ని ఎక్కడి నుంచి తెచ్చారో రాయలేదు. రాజస్థాన్ వైపు పొడి నేలల నుంచి మన చెరువుల కిందికి వచ్చిన గుర్రమైతే నా అనుమానం ఇంకాస్త గట్టిపడుతుంది.

కాబట్టి మీ ప్రశ్నకు జవాబు: నేను అనుకుంటున్నదే అయితే ఇది అంటదు. మగ గుర్రానికీ రాదు, పిల్లలకూ రాదు. అయితే ‘అయితే’ అనే మాట ఇక్కడ ముఖ్యం. దాని గురించి కింద రాస్తాను.

ఇంజెక్షన్ నాలుగు రోజులే ఎందుకు పనిచేసింది? మీరు పేరు రాయలేదు. అంత త్వరగా, అంత హాయిగా తగ్గిందంటే డెక్సామెథసోన్ లాంటి స్టెరాయిడ్ అయి ఉంటుంది. మీ డాక్టరు తప్పేమీ చేయలేదు. గోడకేసి రుద్దుకుని రక్తం కార్చుకుంటున్న గుర్రానికి ముందు ఉపశమనం ఇవ్వాల్సిందే. స్టెరాయిడ్ యుద్ధాన్ని ఆపుతుంది కానీ, కుట్టే పురుగును ఆపదు. మందు ప్రభావం దిగేసరికి ఆ సాయంత్రమే మళ్లీ కాట్లు మొదలు. ఇది అర్థం చేసుకోకుండా చాలామంది అదే ఇంజెక్షన్‌ను మందుల షాపులో కొని, ఎవరో కాంపౌండరు చేత వారానికొకటి వేయించేస్తున్నారు. అది వద్దు. స్టెరాయిడ్లు పదేపదే పడితే కొన్ని గుర్రాలకు డెక్కల లోపలి పొర వాచిపోతుంది, లామినైటిస్ అంటారు. లావుగా ఉన్నవాటికి, గింజ ఎక్కువ తినేవాటికి ఈ ముప్పు ఎక్కువ. డెక్క పట్టుకుంటే వేడిగా తగలడం, ముందు కాళ్లు చాచి బరువంతా వెనక్కి వేసి నిలబడటం, మలుపు తిరగమంటే మొరాయించడం కనబడితే ఆ రోజే డాక్టరుకు చెప్పాలి. ఊరేగింపు గుర్రానికి దురద కన్నా డెక్క జబ్బు పెద్ద దెబ్బ. దురద వచ్చినా నడుస్తుంది, డెక్క పోతే నడవదు.

మరీ ఉద్ధృతంగా ఉన్నప్పుడు డాక్టరు ప్రెడ్నిసలోన్ మాత్రలు పొద్దున పూట ఇచ్చి, క్రమంగా తగ్గించుకుంటూ రావచ్చు. ఎంత, ఎన్నాళ్లు అనేది గుర్రం బరువును బట్టి ఆయనే చెప్పాలి. గుర్రం చూడితో ఉందనే అనుమానం ఏమాత్రం ఉన్నా ముందే చెప్పండి. అవిల్, సెట్రిజిన్ లాంటి అలర్జీ మందులు గుర్రాల్లో అందరూ అనుకున్నంతగా పనిచేయవు. దద్దుర్లకు కొంత నయం, ఈ దురదకు మాత్రం కొన్నిటికి పనిచేస్తాయి, కొన్నిటికి చేయవు. మత్తు వస్తుంది కూడా. మందు వేసిన రోజు పెళ్లికొడుకును ఎక్కించకండి.

నన్నడిగితే ఈ జబ్బుకు నూటికి తొంభై పాళ్లు వైద్యం సీసాలో లేదు, సాయంత్రం ఐదు గంటలకు మీరు కొట్టంలో చేసే పనిలో ఉంది. ఈ పురుగులు ఎక్కువగా పొద్దు గూకే వేళ, తెల్లవారుజామున కుడతాయి. మబ్బు పట్టి, గాలి లేక ఉక్కపోస్తే పగలూ వదలవు. వాటికి ఎగిరే బలం తక్కువ. ఓ మాదిరి గాలి వీచినా గుర్రం మీద వాలలేవు. అందుకని మొదట కొనాల్సింది ఫ్యాను. గదిలో తిరిగే చిన్న ఫ్యాను కాదు, ఫంక్షన్ హాళ్లలో పెట్టే పెద్ద స్టాండ్ ఫ్యాను. ఆ గాలి గుర్రం జూలు కదిలేలా, పొట్ట కింద నుంచి కూడా తగిలేలా పెట్టండి. సాయంత్రం ఐదుకల్లా గుర్రాన్ని లోపలికి తెచ్చి ఫ్యాను వేసి, పొద్దున ఎండ బాగా ఎక్కేదాకా ఉంచండి. వైరు గుర్రం నోటికి అందకూడదు. ఊరికే నిలబడితే దొరికినదల్లా నమలడం వాటికి అలవాటు. కరెంటు పోతే ఏం చేయాలంటారా, అప్పటికి గుర్రం ఒంటికి తొడిగే గుడ్డ కప్పు ఉంది. దాని గురించి చెబుతాను.

లోపల ట్యూబులైటు రాత్రంతా వెలిగించి పెట్టకండి. వెలుతురుకు ఇవి వస్తాయి. లైటు కావాలనుకుంటే కొట్టానికి దూరంగా, వాకిట్లో పెట్టండి.

తర్వాత తడి. బురద, అందులో కలిసిన పేడ, లద్దె, నీటి అంచున నానిన మట్టి, ఇవే వాటికి పుట్టిల్లు. వేడి వాతావరణంలో గుడ్డు నుంచి ఎగిరే పురుగు కావడానికి రెండు మూడు వారాలు చాలు. చెరువు కింద వరి మళ్లను మనం ఏమీ చేయలేం. కానీ నీళ్ల తొట్టి పక్కన ఎప్పుడూ ఆరని ఆ బురద గుంటను పూడ్చగలం, కొట్టం వెనకాల లద్దె కుప్పను దూరంగా మార్చగలం. ఆవుల కొట్టం కూడా గుర్రాలకు ఆనుకునే ఉంటే, వీలైనంత ఎడం చేయండి. అక్టోబరు, నవంబరుల్లో ఈశాన్య రుతుపవనాల వానలు మన తిరుపతి, చిత్తూరు వైపు గట్టిగా పడతాయి. ఉధృతి అప్పుడే పెరుగుతుంది కాబట్టి ఈ పనులు ఈ వారమే చేయండి.

కప్పు కుట్టించమంటే ‘ఈ ఎండల్లో గుర్రానికి దుప్పటా’ అని నవ్వుతారు. దుప్పటి కాదు. పలచటి తెల్ల నూలు గుడ్డ, ధోవతి గుడ్డలాంటిది. నైలాన్ దోమతెర చాలదు, దోమ దూరని కన్నంలోంచి ఈ నుసుము దూరిపోతుంది. మెడకు చెవుల వెనక దాకా ఒక తొడుగు, వీపును, పక్కలను కప్పే భాగం, పొట్ట కింద నుంచి తెచ్చి అటుపక్క కట్టే వెడల్పాటి పట్టీ, తోక మొదలు మూసే ఒక రెక్క ఉండాలి. ఊరేగింపు గుర్రాలకు జరీ తొడుగులూ పట్టు కప్పులూ కుట్టే దర్జీలు మీకు తెలిసే ఉంటారు, కొలత వాళ్లకు చెప్పక్కర్లేదు. సాయంత్రం తొడిగి పొద్దున తీసేయాలి. తీసినప్పుడల్లా మూపు దగ్గర, రొమ్ము దగ్గర చేత్తో తడిమి చూడండి, ఒరుసుకుపోయి ఉంటే లోపల మెత్తని గుడ్డ కుట్టించండి. రెండు జతలుంటే మంచిది. ఉతికినప్పుడు సర్ఫు వాసన పోయేదాకా జాడించాలి. గుడ్డలో మిగిలిపోయిన సబ్బు పొడి వల్లే కొన్ని గుర్రాలకు వేరే అలర్జీ పుడుతుంది.

పూతల్లో వేప నూనె నాకు ఇష్టమే, నేరుగా పూయడం ఇష్టం లేదు. ఒక వంతు వేప నూనెకు నాలుగైదు వంతులు కొబ్బరి నూనె కలిపి, ముందు భుజం మీద అరచేయంత చోట పూసి ఒక రోజు ఆగండి. అక్కడ ఎర్రబడకపోతే జూలు, తోక మొదలు, పొట్ట నడిగీత మీద రోజూ సాయంత్రం పూయవచ్చు. పుండ్ల మీద వద్దు. చెమటకు పోతుంది కాబట్టి ఒక రోజు పూసి మూడు రోజులు ఊరుకుంటే లాభం లేదు. పర్మెత్రిన్ ఉన్న, గుర్రాలకు వాడవచ్చని లేబుల్ మీద రాసి ఉన్న స్ప్రే దొరికితే అది ఇంకా బాగా పనిచేస్తుంది. ఇంట్లో పిల్లి ఉంటే అది ఆరేదాకా దగ్గరికి రానివ్వకండి, పిల్లులకు అది విషం.

కాలిన ఇంజనాయిలు మాత్రం మానేయండి. కిరసనాయిలు, ఫినాయిలు కూడా అంతే. ఇంజనాయిలు పూసిన చోట పురుగు వాలకపోవచ్చు, కానీ కింద చర్మం కాలి, పొలుసులు ఊడి, పుండు రెండింతలవుతుంది. అందులో లోహాల మడ్డి ఉంటుంది, గుర్రం నాకితే లోపలికి పోతుంది. తెల్ల గుర్రాలకు వెంట్రుక కింద చర్మం చాలాచోట్ల మరీ నాజూకుగా ఉంటుంది. పొగ సంగతి వేరు. వేపాకు పొగ సాయంత్రం పూట ఆరుబయట కాసేపు వేస్తే తప్పులేదు. తలుపులు మూసి కొట్టం నింపేస్తే గుర్రానికి దగ్గు పట్టుకుంటుంది. ఫ్యాను ఉన్నచోట పొగ అవసరం కూడా పడదు.

ఉలవల మీద నింద అన్యాయం. మేత వల్ల వచ్చే అలర్జీ గుర్రాల్లో అరుదు. పైగా మీరు ఎండాకాలంలోనూ అవే ఉలవలు పెట్టారు కదా, అప్పుడు దురద లేదు. వేడి చేసేదైతే ఎండల్లోనే చేయాలి. అయినా కొంచెం తగ్గించమనే నేనూ అంటాను, కారణం వేరు. స్టెరాయిడ్లు పడుతున్న గుర్రానికి గింజ ఎక్కువైతే డెక్క జబ్బుకు దారి ఇచ్చినట్టే. ఆ మేరకు ఎండు గడ్డి పెంచండి. అవిసె గింజలు ఏరోజుకారోజు పొడి చేసి దాణాలో కొద్దిగా కలిపితే కొన్ని గుర్రాలకు చర్మం మెరుగుపడుతుంది. దానితోనే దురద పోతుందని ఆశ పెట్టుకోవద్దు. ఒకటి మాత్రం కచ్చితంగా చూడండి. వానకు తడిసి బూజు పట్టిన చెనక్కాయ కట్టె పెడుతున్నారేమో. బూజు ఊపిరితిత్తులకూ, కాలేయానికీ చేటు, దద్దుర్లకూ కారణం కావచ్చు. మేసే చోట వయ్యారిభామ మొక్కలు పెరిగి ఉంటే పీకించేయండి. అది మనుషుల చర్మానికే పడదు, మూతికీ కాళ్లకూ రోజూ తగిలితే పశువులకూ పడదు.

ఇప్పటికే ఉన్న పుండ్లకు క్లోర్‌హెక్సిడిన్ షాంపూ వాడండి. చల్లటి నీళ్లతో తడిపి, షాంపూ రాసి, పది నిమిషాలు వదిలి, బాగా కడిగి, శుభ్రమైన గుడ్డతో అద్ది ఆరబెట్టండి. పక్కులను గోళ్లతో గీకి తీయకండి, నానితే అవే వస్తాయి. ఈగలు గుడ్లు పెట్టి పురుగు పడకుండా రోజుకు రెండుసార్లు చూసుకోవాలి. లద్దె, మట్టి ఉన్నచోట పుండు ఉన్న గుర్రానికి ధనుర్వాతం భయం ఎప్పుడూ ఉంటుంది. టీకా వేయించి ఏడాది దాటితే డాక్టరుకు చెప్పి వేయించేయండి. గుర్రం రుద్దుకునే గోడకు పొడుచుకొచ్చిన మేకులు, పగిలిన సిమెంటు అంచులు ఉంటే సరిచేయించండి. కంటికి మేకు తగిలి వచ్చే కేసులు దురద గుర్రాల్లోనే ఎక్కువ చూస్తాం.

ఒళ్లంతా దద్దుర్లు లేచిన రాత్రి నాకు వేరే విషయంలా అనిపిస్తోంది. ఆ రోజు, అంతకు ముందు రోజు ఏం జరిగిందో కూర్చుని గుర్తు తెచ్చుకోండి. ఏదైనా ఇంజెక్షన్ పడిందా, టీకా వేశారా, కొత్త దాణా బస్తా విప్పారా, కొత్త షాంపూనో రంగునో పూశారా, అద్దెకు తెచ్చిన జరీ కప్పు వేశారా? ఇలాంటి దద్దురు బొటనవేలితో నొక్కి వదిలితే కాసేపు గుంట నిలుస్తుంది, సాధారణంగా ఒకటి రెండు రోజుల్లో దానంతటదే తగ్గుతుంది. పెన్సిలిన్ లాంటి మందు తర్వాత వచ్చిందని తేలితే ఆ మందు పేరు కొట్టం గోడ మీద పెద్దక్షరాలతో రాయించండి, ఎవరు వచ్చినా కనబడేలా. రెండోసారి అదే మందు పడితే ప్రాణాపాయం కావచ్చు. దద్దుర్లతో పాటు కనురెప్పలు, మూతి, ముక్కుపుటాలు వాచినా, ఊపిరి తీస్తుంటే చప్పుడు వచ్చినా, గుర్రం కుదేలైనా తెల్లారేదాకా ఆగకండి. గుర్రం మనలా నోటితో ఊపిరి తీసుకోలేదు. ముక్కు మూసుకుపోతే దానికి ఇంకో దారి లేదు. అప్పుడు డాక్టరు ఇచ్చే అడ్రినలిన్ ఇంజెక్షనే కాపాడుతుంది. ముందు మీ డాక్టరుకు ఫోన్ చేయండి, దొరకకపోతే సంచార పశు వైద్యశాల నంబరు 1962కి చేయండి. తిరుపతి పశు వైద్య కళాశాల 1955 నుంచి ఉంది, అక్కడి ఆసుపత్రి మీకు ఎంతో దూరం కాదు. వాహనం ఎక్కడ దొరుకుతుందో, ఎవరు తోలుతారో ఇప్పుడే మాట్లాడి పెట్టుకోండి.

ఇందాక ‘అయితే’ అన్నాను కదా. అలర్జీలా కనిపించి అలర్జీ కానివి కొన్ని ఉన్నాయి, వాటిలో ఒకటి రెండు నిజంగానే అంటుకుంటాయి. గుండ్రంగా వెంట్రుకలు ఊడి బూడిద చల్లినట్టు పొలుసులుంటే తామర. అది రెండో గుర్రానికీ, దాన్ని తోమే పిల్లలకూ అంటుతుంది. బ్రష్షులు, కళ్లెం, జీను కింది గుడ్డ రెండింటికీ వేరువేరుగా పెట్టండి, తేలేదాకా పిల్లల్ని తోమనివ్వకండి. పేలు, గజ్జి అయితే చర్మం గీకి సూక్ష్మదర్శిని కింద చూస్తే తెలుస్తుంది. తోక ఒక్కటే రుద్దుకుంటుంటే పేగు పురుగుల్లో ఒక రకం కారణం కావచ్చు. ఆసనం దగ్గర సెల్లోటేపు అంటించి తీసి పరీక్షకు ఇస్తే వాటి గుడ్లు దొరుకుతాయి. పరీక్ష చవకే, అడిగి చేయించండి.

జ్వరం చూడటం మర్చిపోకండి. గుర్రానికి 99.5 నుంచి 101.3 డిగ్రీల ఫారన్‌హీట్ దాకా మామూలే. నుసుముల అలర్జీలో జ్వరం రాదు. జ్వరం వచ్చి పోతూ, పొట్ట కింద, కాళ్లకు నీరు దిగి, బాగా తింటున్నా చిక్కిపోతుంటే సర్రా అనే రక్తపు జబ్బు ఉందేమో చూడాలి. జోరీగలు దాన్ని మోస్తాయి, దానిలోనూ ఒంటి మీద దద్దుర్లు లేవవచ్చు. రక్త పరీక్షతో తేలుతుంది, మందుంది. ఇక అన్నిటికన్నా భయపడాల్సింది గ్లాండర్స్. కాళ్ల లోపలి వైపు తాడు ముడుల్లా వరుసగా గడ్డలు లేచి, పగిలి తేనెలాంటి చీము కారడం, ముక్కు నుంచి చిక్కటి స్రావం, జ్వరం. ఇది మనుషులకు అంటుతుంది, ప్రాణం తీస్తుంది. ఇలాంటివి కనబడితే ఉత్తచేతులతో ముట్టుకోకండి, గుర్రాన్ని విడిగా కట్టేసి వెంటనే ప్రభుత్వ పశు వైద్యుడికి చెప్పండి. పశువుల అంటురోగాల మీద వచ్చిన 2009 చట్టం ప్రకారం దాన్ని తప్పక తెలపాలి. రక్త నమూనా హర్యానాలోని హిస్సార్‌లో ఉన్న జాతీయ అశ్వ పరిశోధన కేంద్రానికి పంపి పరీక్షిస్తారు. మీరు రాసినదాన్ని బట్టి మీ గుర్రానికి ఆ లక్షణాలేవీ లేవు, ఏడాదిగా పక్కనే ఉన్న మగ గుర్రం కూడా బాగానే ఉంది. అయినా మా పిల్లలకు వస్తుందా అని అడిగారు కాబట్టి ఏం చూసి భయపడాలో చెప్పడం నా బాధ్యత.

పెళ్లిళ్ల సంగతి. ఉన్నదున్నట్టు చెబుతున్నాను, కార్తీకానికి జూలు తిరిగి రాదు. అది నెలల పని. పుండ్లు మానాలన్నా ఫ్యాను, కప్పు, పూత అన్నీ సక్రమంగా సాగితే మూడు నాలుగు వారాలు వేసుకోండి. మెడ మీద పుండ్లు ఉండగా జరీ తొడుగు వేసి కనబడకుండా చేసి పంపడం కొందరు చేస్తారు. అది వద్దు. ఆ గరుకు జరీ కింద చెమట పట్టి, డప్పుల మధ్య మూడు గంటలు నిలబడితే పుండు మళ్లీ పచ్చిదవుతుంది, నొప్పికి గుర్రం ఎగిరితే పెళ్లికొడుకు కింద పడతాడు. పుండ్లతో, జబ్బుతో పనికి పనికిరాని జంతువు చేత పని చేయించడం 1960 జంతు హింస నివారణ చట్టం ప్రకారం నేరం కూడా. ఒప్పుకున్న పెళ్లిళ్లకు మగ గుర్రాన్ని పంపండి, ఒకే రోజు రెండు ఉంటే తోటి గుర్రాలవాళ్లతో మాట్లాడుకోండి. వాళ్లకు ఇబ్బంది వచ్చినప్పుడు మీరూ వెళ్లేదే కదా. పుండ్లు పూర్తిగా మానాక, జూలు లేకపోయినా ఆడ గుర్రం పనికి వెళ్లవచ్చు. మాలలు మెడ మీద పడేచోట లోపల మెత్తటి నూలు గుడ్డ వేయండి, చాలు.

విదేశాల్లో దీనికి టీకాల్లాంటి ఇంజెక్షన్ల వరుస ఇస్తారని ఎవరైనా చెప్పవచ్చు. ఫలితాలు అందరికీ ఒకేలా రాలేదు. ఆ డబ్బు ఫ్యానుకు పెట్టండి. రక్తం తీసి ‘దేనికి అలర్జీయో చెబుతాం’ అనే పరీక్షల మీద కూడా నాకు పెద్ద నమ్మకం లేదు, గుర్రాల్లో వాటి ఫలితాలు నిలకడగా ఉండవు.

ఐదేళ్ల తెల్ల ఆడ గుర్రం కాబట్టి పిల్లను తీయాలనే ఆలోచన మీకు ఉండవచ్చు. ఈ అలర్జీ వంశంలో దిగుతుంది. ప్రతి పిల్లకూ రావాలని లేదు, కానీ వచ్చే అవకాశం ఎక్కువ. పిల్ల కోసం అయితే ఇంకో గుర్రాన్ని చూసుకోవడమే మేలు.

వచ్చే ఏడు ఆగస్టు దాకా ఆగకండి. మొదటి వాన పడిన వారంలోనే, ఇంకా గోకడం మొదలు కాకముందే కప్పు, ఫ్యాను మొదలుపెట్టాలి. చర్మం ఒకసారి రేగాక ఎంత కష్టపడినా సగమే ఫలితం. ఈలోగా డాక్టరు చేత చర్మం గీకిన పరీక్ష, టేపు పరీక్ష, జ్వరం ఉంటే రక్త పరీక్ష చేయించండి. ఆ రిపోర్టులు, ఇంజెక్షన్ సీసా మీది పేరు, దద్దుర్లు లేచిన రోజు వివరం కలిపి మళ్లీ ఉత్తరం రాయండి. జూలు భాగం ఫోటో పగటి వెలుతురులో తీసి జత చేయండి, ఫ్లాష్ వేస్తే తెల్ల గుర్రం చర్మం సరిగా కనబడదు.